నిజమేది, నీడయేది? – కొన్ని ఇంగ్లీషు మాటల పాఠము

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 12:1–17

మన సంఘములలోని పిల్లలు అనేకులు నేడు ఇంగ్లీషు బైబిలును, ఇంగ్లీషు పుస్తకములను చదువుచున్నారు. ఆ భాష రాని పెద్దల యిండ్లకు సహితము ఇంగ్లీషు కాగితములు వచ్చుచునే యున్నవి: ఆసుపత్రి చీటీలు, బ్యాంకు ఉత్తరములు, ఉద్యోగపు పత్రములు. వాటిలోని ఒక్క మాటను తప్పుగా తెలిసికొనినయెడల ఒక్కొక్కప్పుడు ఇంటిలోని మనిషికే అన్యాయము జరుగును. అట్టి అన్యాయములో మాకును పాలు కలిగినది. గనుక నిజమును గూర్చియు భ్రమను గూర్చియు ఇంగ్లీషువారు వాడు కొన్ని మాటలను ఈ నెల పాఠముగా తీసికొనుచున్నాము.

1. ఆసుపత్రి చీటీలోని మాట

మా సంఘములో ఎనుబది యేండ్లు దాటిన ఒక మామ్మగారు కలరు. రెండు కన్నులకును శుక్లములు ముదిరి చూపు మందగించినది. ఒక వర్షాకాలమున ఆమె సాయంకాలపువేళ పంచలో కూర్చుండి, "వాకిట్లో పిల్లలు నిలబడ్డారు. రంగురంగుల బట్టలు కట్టుకున్నారు. పిలిస్తే పలకరు" అని చెప్పసాగెను. వాకిట ఎవరును లేరు. కుమారుడు ఆమెను పట్టణమునకు తీసికొనిపోయి డాక్టరుకు చూపించెను. డాక్టరు వ్రాసిన చీటీలో హెల్యూసినేషన్ అను మాట యుండెను. ఇంటర్మీడియట్ చదువుచున్న మనుమడు దానిని చూచి, "లేనిది ఉన్నట్టు చెప్పడం" అని ఇంటివారికి అర్థము చెప్పెను.

అంతటినుండి ఇంటిలో ఆమెను గద్దించుట మొదలైనది. "ఎందుకమ్మా లేనిపోని అబద్ధాలు?" అని కుమారుడు, "నలుగురూ నవ్వుతారత్తయ్యా" అని కోడలు. తుదకు మమ్మును పిలిపించిరి. మేము ప్రార్థన చేసి, పిమ్మట ఏమియు విచారింపకయే, "మామ్మగారూ, ఈ వయస్సులో లేనిమాటలు చెప్పకూడదు" అంటిమి.

ఆమె మా వైపు ముఖము త్రిప్పి, "అయ్యగారూ, అక్కడెవరూ లేరని మీరంటే లేరేమో. కాని నేను అబద్ధమాడలేదు. నాకు అగుపడిందే చెప్పాను" అనెను. ఆ దినము మొదలుకొని ఆమె ఎవరితోను ఏమియు చెప్పలేదు. ప్రార్థనకూటమునకు వచ్చినను సాక్ష్యము చెప్పుటకు లేవలేదు.

ఇంటికి వచ్చి నిఘంటువు తీసి చూచితిమి. హెల్యూసినేషన్ అనగా లేనిదానిని ఉన్నట్టు చెప్పుట కాదు; లేనిది ఉన్నట్టు కనబడుట, లేక వినబడుట. చెప్పుట, కనబడుట – ఈ రెంటికి ఎంత దూరము! మొదటిది నాలుక చేయు పని. రెండవది కంటికి, మెదడుకు కలుగు బాధ. ఆ చిన్నవాడు ఒక్క క్రియను మార్చెను. మేము ఒక వృద్ధురాలిని అబద్ధికురాలిని చేసితిమి.

2. రియల్, ట్రూ

తెలుగులో మనకు 'నిజము' అను ఒక్క మాట చాలును. "కలలో చూచితివా, నిజముగా చూచితివా?" అందుము. "నీవు చెప్పినది నిజమేనా?" అందుము. "ఇది నిజమైన తేనెయేనా?" అందుము. ఇంగ్లీషులో ఈ మూడు ప్రశ్నలకు మూడు మాటలు కలవు. మొదటిదానికి రియల్, రెండవదానికి ట్రూ, మూడవదానికి జెన్యూన్. వాడుకలో ఒకదానికి మారుగా మరియొకటి వచ్చుట కలదు. అయినను వాటి పుట్టుక వేరు, పని వేరు.

రియల్ అను మాట లాటిన్ భాషలో 'వస్తువు' అని అర్థమిచ్చు రేస్ అను మాటనుండి వచ్చినది. రియల్ అనగా వస్తువుగా ఉన్నది. మనము తలంచినను తలంపకున్నను ఉండునది.

ట్రూ అను మాటకు ప్రాచీనమైన ఇంగ్లీషులో 'నమ్మకమైన' అని అర్థము. నమ్మకమైన స్నేహితుడు, నమ్మకమైన సేవకుడు – అట్టివారిని గూర్చి మొదట ఆ మాట వాడిరి. ఇంగ్లీషువారి పెండ్లి ప్రమాణములో వచ్చు ట్రోత్ అను పాతమాట దీనికి తోబుట్టువు. మనము ప్రార్థనాంతమున పలుకు ఆమేన్ అను హెబ్రీ మాట 'స్థిరమైనది, నమ్మదగినది' అను అర్థముగల ధాతువునుండి పుట్టినదని గుర్తుంచుకొనిన, ఈ భావము మనకు క్రొత్తది కాదు. మన 'సత్యము' అను మాట సంస్కృతములో 'ఉన్నది' అని అర్థమిచ్చు 'సత్' నుండి వచ్చినది. అనగా సత్యము పుట్టుకచేత రియల్‌కు దగ్గర. ట్రూ పుట్టుకచేత విశ్వాసపాత్రతకు దగ్గర.

ఇప్పుడు మనము చదివిన భాగమునకు వత్తము. పేతురు రెండు సంకెళ్లతో ఇద్దరు సైనికుల నడుమ నిద్రించుచున్నాడు. దూత లేపగా లేచి వెంబడించెను గాని, జరుగుచున్నది దర్శనమేమో అనుకొనెను. ఆ తొమ్మిదవ వచనములో 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ట్రూ అను మాట వాడినది. 1946లో వెలువడిన సవరించిన ఇంగ్లీషు క్రొత్త నిబంధన అదే చోట రియల్ అని మార్చినది. ఏల? నేటి ఇంగ్లీషులో ట్రూ అను మాట ఎక్కువగా చెప్పిన సంగతిని గూర్చినది. రియల్ జరిగినదానిని, ఉన్నదానిని గూర్చినది. పేతురుకు కలిగిన సందేహము దూత మాట నమ్మదగినదా కాదా అని కాదు. తన కాలిక్రింద నున్న వీధి నిజముగా వీధియేనా అని.

ఇందువలన మనకు రెండు ప్రశ్నలు వేర్వేరుగా నిలుచుచున్నవి. కనబడినది రియలా? చెప్పిన మనిషి సత్యము చెప్పుచున్నాడా? ఈ రెండవ గుణమునకు ఇంగ్లీషులో ట్రూత్‌ఫుల్ అందురు. మామ్మగారి వాకిట నిలిచిన పిల్లలు రియల్ కారు. మామ్మగారు మాత్రము ట్రూత్‌ఫుల్. మేము మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండవ ప్రశ్నకు అంటగట్టితిమి.

ఫాల్స్ అను మాట విషయములోను ఇట్టి జాగ్రత్తయే కావలెను. ఫాల్స్ విట్‌నెస్ అనగా అబద్ధసాక్షి, అది పాపము. ఫాల్స్ టీత్ అనగా కట్టుడుపళ్లు. అందులో పాపమేమియు లేదు.

3. మూడు భ్రమలు

తాడును చూచి పామనుకొనుట మన దేశపు తత్త్వవేత్తలు బహుకాలమునుండి వాడుచున్న దృష్టాంతము. ఆ తాడునే చేతబట్టి, మనము 'భ్రమ' అని ఒక్కటిగా చెప్పు మూడు ఇంగ్లీషు మాటలను విడదీయుదము.

మునిమాపువేళ దారిలో తాడు పడియున్నది. చూచినవాడు పామని ఉలికిపడెను. ఇది ఇల్యూషన్. వస్తువు ఉన్నది, కనబడిన తీరు వేరు. దీపము తెచ్చి చూపించితిమి, చేతికి ఇచ్చితిమి. అయినను వాడు "ఇది పామే, నన్ను చంపుటకే దీనిని ఇక్కడ పెట్టారు" అని విడువక నమ్మినయెడల అది డిల్యూషన్. తప్పు కంటిలో లేదు, నమ్మకములో నున్నది. ఇక దారిలో తాడును లేదు, ఏమియు లేదు. వట్టి నేలపై పాము కనబడెను. అది హెల్యూసినేషన్. ఇల్యూషన్‌కును హెల్యూసినేషన్‌కును గల ఈ భేదమును ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఎస్కిరోల్ 1838లో ప్రచురించిన గ్రంథములో స్పష్టముగా నిలిపెను. వైద్యులు నేటికిని దానినే పాటించుచున్నారు.

ఇల్యూషన్, డిల్యూషన్ అను రెండు మాటలలోను ఆడుట, ఎగతాళి చేయుట అని అర్థమిచ్చు లాటిన్ మాట దాగియున్నది. హెల్యూసినేషన్ మనస్సు దారితప్పి తిరుగుట అను అర్థముగల లాటిన్ మాటనుండి వచ్చినది.

ఇల్యూషన్‌ను గూర్చి ఒక సంగతి గమనింపవలెను. తెలివి వచ్చినంతమాత్రమున అది పోదు. నీళ్ల బిందెలో నిలిపిన కఱ్ఱ వంగినట్లు కనబడును. వంగలేదని మనకు తెలియును. తెలిసినను వంగియే కనబడును. వెలుతురు నీటినుండి గాలిలోనికి వచ్చునప్పుడు దారి మార్చుకొనుటయే దీనికి కారణము. ఇందులో కంటికి దోషము లేదు, మనిషికి నింద లేదు.

డిల్యూషన్ కలిగినవానిని వాదించి గెలువలేము. గద్దించినకొలది వాడు దూరమగును. అట్టివారికి ఓర్పు కావలెను, మానసిక వైద్యుని సహాయము కావలెను. వైద్యునియొద్దకు పోవుట అవిశ్వాసమని ఎవరును తలంపకుందురు గాక.

హెల్యూసినేషన్ అనగానే పిచ్చి అనుకొనుటయు పొరపాటే. జెనీవా పట్టణపు ప్రకృతిశాస్త్రవేత్త షార్ల్ బోనే 1760లో ఒక సంగతి ప్రకటించెను. ఆయన తాతగారు షార్ల్ లుల్లిన్ ఇంచుమించు 90 ఏండ్ల వృద్ధుడు. శుక్లములచేత చూపు తగ్గినది. ఆయనకు పురుషులు, స్త్రీలు, పక్షులు, బండ్లు, కట్టడములు కనబడుచుండెను. అయితే ఆయన బుద్ధి చక్కగా నుండెను. అవి లేవని ఆయనకే తెలియును. కంటినుండి రావలసిన చిత్రములు తగ్గినప్పుడు మెదడు తనంతట తానే చిత్రములు కల్పించుకొనునని నేటి వైద్యులు వివరించుచున్నారు. ఈ స్థితికి ఆ బోనే పేరే పెట్టియున్నారు. అది పిచ్చి కాదు, దయ్యము కాదు, అబద్ధము కాదు.

ఇది చదివిన మరునాడే మేము మామ్మగారి యింటికి పోయి, అందరి యెదుట క్షమాపణ అడిగితిమి. "మామ్మగారూ, మీరు చెప్పినది మేము సరిగా వినలేదు. మీరు అబద్ధమాడలేదు" అంటిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "అయితే అయ్యగారూ, నాకు మతి పోలేదన్నమాటేగా?" అని అడిగెను. ఆమెను ఇన్నాళ్లు కాల్చినది ఆ భయమే! "నాకు పిచ్చెక్కిందని వీళ్లు బయటపెడతారేమోనని నోరు మూసుకున్నాను" అనెను. కోడలు ఏడ్చెను. మనుమడు తల వంచుకొనెను. వానికంటె మేము ఎక్కువ వంచుకొనవలసియుండెను. తరువాత కంటి ఆసుపత్రిలో శుక్లములు తీయించిరి. పిల్లలు కనబడుట తగ్గుచు వచ్చి నిలిచిపోయినది. ఇట్టివి కనబడినవారందరికిని కారణము ఇదే యని చెప్పుటకు వీలులేదు; వైద్యునికి చూపించియే తెలిసికొనవలెను.

4. బైబిలు చదువరులకు మూడు మాటలు

మిరాజ్ అనగా ఎండమావి. నేలయొద్దనున్న వేడిగాలి వెలుతురును వంచగా ఆకాశపు వెలుగు నేలపై నీటివలె కనబడును. వేసవిలో తారురోడ్డుమీద మనమందరము చూచినదే. 1798లో నెపోలియను సైన్యము ఐగుప్తు ఇసుకలో నడచినప్పుడు సైనికులు దీనిచేత మోసపోగా, వెంటనున్న మోంజ్ అను శాస్త్రజ్ఞుడు కారణము వివరించెను. ఆ ప్రాంతపు సంవత్సరములలోనే ఈ ఫ్రెంచి మాట ఇంగ్లీషులోనికి వచ్చినది. కనుక 1611 నాటి బైబిలులో ఇది లేదు. యెషయా 35:7లో ఆ అనువాదకులు ఎండిన నేల అను అర్థముగల మాటలు వాడిరి. మన తెలుగు బైబిలులో అచ్చట ఎండమావులు అనియే యున్నది. మోసపుచ్చిన చోటనే మడుగు కలుగునను వాగ్దానపు బలము తెలుగు చదువరికి తేటగా తెలియుచున్నది.

ఫాంటమ్ అనగా రూపమే గాని వస్తువు లేనిది. గ్రీకు మాట ఫాంటాస్మా దీనికి మూలము. మత్తయి 14:26లో నీళ్లమీద నడచివచ్చు ప్రభువును చూచి శిష్యులు భూతమనుకొనిన చోట గ్రీకులో ఆ మాటయే యున్నది. ఇచ్చట పొరపాటు తలక్రిందులైనది. తక్కినవారు లేనిదానిని ఉన్నదనుకొందురు. శిష్యులు ఉన్నవానిని లేని నీడ యనుకొనిరి. భయము రెండు పనులును చేయగలదు.

వానిటీ అను మాటను ప్రసంగి గ్రంథములో చూచి నేటి విద్యార్థి అందమును గూర్చిన అతిశయమనుకొనును. నేటి ఇంగ్లీషులో దాని వాడుక ఎక్కువగా అదియే. అయితే లాటిన్‌లో దాని మూలమునకు 'ఖాళీ' అని అర్థము. హెబ్రీలోనున్న హెవెల్ అను మాటకు ఊపిరి, ఆవిరి అని అర్థము. చలికాలపు ఉదయమున నోటినుండి వెడలు ఆవిరివలె ఒక క్షణము కనబడి పోవునది. అది ఇల్యూషన్ కాదు. ఆవిరి ఉన్నమాట రియలే. నిలువదు, అంతే. ధనము, పేరు, పదవి మాయ యని ప్రసంగి చెప్పలేదు. అవి పిడికిట నిలువవని చెప్పెను.

5. జెన్యూన్, కౌంటర్‌ఫీట్, వర్చువల్

జెన్యూన్ అను మాటకు లాటిన్‌లో పుట్టుకతో వచ్చినది, సహజమైనది అని అర్థము. సంస్కృతములో 'నిజ' అను మాటకును తనతో పుట్టినది, తనదైనది అనియే మొదటి అర్థము. పేరెట్టిదో పదార్థమును అట్టిదే అయినప్పుడు జెన్యూన్ అందురు. దానికి ఎదురైనది కౌంటర్‌ఫీట్, అనగా అసలును చూచి మోసపుచ్చుటకు చేసినది. వాడుకలో ఫేక్ అనుచున్నారు.

రియల్‌కు, జెన్యూన్‌కు భేదమేమని అడిగినయెడల, మన పట్టణముల శివారులలో కనబడు రియల్ ఎస్టేట్ బోర్డులను చూడుడి. పూర్వపు ఇంగ్లీషు న్యాయస్థానములలో పోయిన వస్తువునే తిరిగి ఇప్పించు దావాకు రియల్ అని పేరు. భూమి అట్టి ఆస్తి గనుక రియల్ ఎస్టేట్ అయినది. ఇప్పుడు ఒకడు ఇతరుల పొలమునకు దొంగ పత్రము పుట్టించి అమ్మెననుకొనుడి. భూమి రియల్, కాళ్లతో త్రొక్కి చూడవచ్చును. పత్రము జెన్యూన్ కాదు. అమ్మినవాని మాట ట్రూ కాదు. పొలమును కన్నులార చూచితిమి గదా అని కష్టార్జితమును పోగొట్టుకొను కుటుంబములు ఉన్నవి. వారు ఒక్క ప్రశ్న అడిగి, తక్కిన రెండింటికిని జవాబు దొరికినదనుకొందురు.

వర్చువల్ అను మాట నేడు ప్రతి ఫోనులోను వినబడుచున్నది. పేరుకు కాకపోయినను ఫలితములో అంతటిదే అయినది అని దాని పాత అర్థము. కంప్యూటరు ద్వారా జరుగునది అని నేటి వాడుక. వర్చువల్ అనగా ఫేక్ కాదు. 2020లో గుడి తలుపులు మూసినప్పుడు అనేక సంఘములు ఫోనులలో కూడుకొనినవి. గది వర్చువల్, ప్రార్థించిన హృదయములు రియల్. అయితే 2017 మొదలుకొని డీప్‌ఫేక్ అను క్రొత్త మాటయు వచ్చియున్నది. యంత్రముచేత ఒకని ముఖమును, స్వరమును కల్పించి, వాడు పలుకని మాటలు పలికించుట. కుమారుని స్వరముతో డబ్బు అడిగినయెడల, ఫోను పెట్టివేసి, మీయొద్దనున్న కుమారుని నంబరుకు మీరే ఫోను చేసి కనుగొనుడి. స్వరము వినినంతమాత్రమున మనిషి వచ్చినట్లు కాదు.

6. సిన్సియర్ – మేము చెప్పిన కథ

తుదకు మరియొక తప్పును ఒప్పుకొనవలసియున్నది. సిన్సియర్ అనగా కపటము లేని, హృదయపూర్వకమైన. పూర్వము శిల్పులు చలువరాతి పగుళ్లలో మైనము పూసి దాచెడివారనియు, మంచి శిల్పమును 'మైనము లేనిది' అని లాటిన్‌లో చెప్పి అమ్మగా ఈ మాట పుట్టినదనియు మేము సెమినరీలో వింటిమి. వినిన కథను ప్రసంగవేదికనుండి ఎన్నిమారులు చెప్పితిమో లెక్క లేదు. విని జనులు తల ఊపిరి.

ఆ కథ నిజము కాదు. ఆక్స్‌ఫర్డు పెద్ద నిఘంటువు ఆ వివరణ నమ్మదగినది కాదని చెప్పుచున్నది. లాటిన్‌లో సిన్సేరుస్ అనగా శుభ్రమైన, కల్తీలేని అని మాత్రమే. 1611 నాటి బైబిలు 1 పేతురు 2:2లో పాలకు ఈ మాట వాడినది. అనగా నీళ్లు కలుపని పాలు. ఆ పాల దృష్టాంతమే మన పల్లెలకు చాలియుండెను. మైనపు కథ అందముగా నుండెనని పట్టుకొంటిమి.

మేము సిన్సియర్‌గానే చెప్పితిమి. చెప్పినది ట్రూ కాదు. మామ్మగారిని గద్దించినప్పుడును సిన్సియర్‌గానే గద్దించితిమి. హృదయము శుద్ధముగా నున్నది గనుక మాట సరియైనదే యనుకొనుట బోధకులకు, పెద్దలకు, తలిదండ్రులకు పెద్ద ఉరి. సిన్సియర్ అనునది మనలను గూర్చిన మాట. ట్రూ అనునది సంగతిని గూర్చిన మాట. మొదటిది ఉన్నదని రెండవదానిని విచారింపక మానకూడదు.

ముగింపు

పేతురు మరియ యింటికి వచ్చి తలుపు తట్టెను. రొదే అను చిన్నది స్వరము గుర్తుపట్టి లోపలికి పరుగెత్తి చెప్పగా, ప్రార్థించుచున్న పెద్దలే ఆమెకు పిచ్చి యనిరి. ఆమె తన మాట విడువలేదు. అది అతని దూత అని వారు మరియొక వివరణ కల్పించిరి. ఇంతలో పేతురు తట్టుచునే యున్నాడు. వారి వాదము తీర్చినది వాదము కాదు. లేచి తలుపు తీయుటయే.

ప్రియులారా, రొదే చెప్పినది రియలే. మామ్మగారికి కనబడినది రియల్ కాదు. అయినను ఆ యిద్దరును సత్యమే పలికిరి, ఇద్దరికిని ఇంటివారు చేసిన అన్యాయము ఒక్కటియే. ఎవరైనను వింత సంగతి చెప్పినప్పుడు అబద్ధమని గాని, పిచ్చి యని గాని, దయ్యమని గాని తీర్పు చెప్పకముందు లేచి తలుపు తీసి చూతము. వారు చెప్పినది అక్కడ లేకపోయినను, చెప్పినవారు మన యెదుటనే యున్నారు.

ఇంటివద్ద ఆలోచించుటకు ప్రశ్నలు

1. తాడు, పాము దృష్టాంతముతో ఇల్యూషన్, డిల్యూషన్, హెల్యూసినేషన్ అను మాటల భేదమును మీ పిల్లలకు వివరించుడి.
2. భూమి రియల్ అయియుండి పత్రము జెన్యూన్ కాకపోవుట ఎట్లు? మరియొక ఉదాహరణ చెప్పుడి.
3. సిన్సియర్‌గా నుండి తప్పు మాట చెప్పిన సందర్భము మీ జీవితములో కలదా? దానిని ఎవరియొద్ద సరిదిద్దుకొనవలసియున్నది?
4. మీ యింటిలో లేక మీ వీధిలో, ఎవరును నమ్మలేదని మాట మానుకొనిన వృద్ధులు ఉన్నారా? ఈ వారము వారియొద్ద ఒక గడియ కూర్చుండి వినుడి.